ఎవరైనా చేసే పని

మా అక్కకు ఒక జబ్బుంది. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, "అబ్బే, నాదేముందండీ, ఎవరైనా చేస్తారు" అనేస్తుంది. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఇంట్లో ఇద్దరిదీ ఒకే వంటగది, ఆఫీసులో ఒకే గది. పెద్దాసుపత్రి రికార్డుల విభాగంలో పాడైన రిజిస్టర్లు బాగుచేస్తాం.

పోయిన వానాకాలంలో పైపు పగిలి, పిల్లల పుట్టుకలు రాసే రిజిస్టర్లు మూడు వందలు తడిసి ముద్దయ్యాయి. ఆరాక పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్టల్లా బిగుసుకుపోయాయి. అక్క ఒక్కోదాన్ని చెమ్మగుడ్డల్లో చుట్టి, వేలి కొసతో తాకి, ఇంకా నానాలో చాలో చెప్పేది. తర్వాత పల్చటి వెదురుపుల్లతో పేజీ పేజీ విడదీసేది. నేను ఆరబెట్టి, చిరుగులకు సన్న కాగితం అతికేదాన్ని. మూడు వందల రిజిస్టర్లలో ఒక్క పేరు పోలేదు. ఆ చేతులకు నేను లోలోపలే దణ్ణం పెట్టుకున్నాను.

చూడ్డానికి వచ్చిన పై ఆఫీసరు, "అద్భుతం అమ్మా!" అని నోరెళ్లబెట్టాడు. అక్క అలవాటు కొద్దీ, "ఎవరైనా చేస్తారండీ" అంది. ఆ మహానుభావుడు దాన్ని కాస్తా నోట్‌బుక్కులో రాసుకుపోయాడు. నెల తిరక్కుండా ఉత్తరం ఊడిపడింది. ఇది ఎవరైనా చేయగల పని అని సిబ్బందే చెప్పినందున, దీన్ని బయటివాళ్లకు అప్పగించి మా గది మూసేస్తారట. మమ్మల్ని చీటీలిచ్చే కౌంటరుకు పంపుతారట. సోమవారం అక్కకు ప్రశంసాపత్రం ఇవ్వడానికి వచ్చినప్పుడే గది మూసే ఉత్తర్వు మీద సంతకమూ పెడతాడట. మూసేసే గదికి ప్రశంసాపత్రం ఎందుకో ఆయనకే తెలియాలి.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు మరీ మంచిదైపోయి మన గదికే ఎసరు పెట్టింది కదే అక్కా!"

"పొగిడితే అవునని ఎలా అంటామే? సిగ్గుండదూ?"

ఆ రాత్రి నుంచే భోజనాల బల్ల దగ్గర శిక్షణ మొదలుపెట్టాను. బావగారిది ఆఫీసరు వేషం. ఆయన గరిటె పట్టుకుని "అద్భుతం అమ్మా!" అనడం, ఈవిడ "అబ్బే" అనడం. నాలుగు రోజులు ఇదే తంతు. "పెళ్లయినప్పటి నుంచీ నా పొగడ్తలన్నీ ఇలాగే నేలపాలయ్యాయి" అని బావగారు గరిటె కింద పడేశారు.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. మా గదిలోనే నిలబడి పత్రం చేతికిచ్చాడు. "మీ పని గొప్పదమ్మా" అన్నాడు. అక్క పెదవులు కదిలాయి. అయిపోయింది, కౌంటరే గతి అనుకున్నాను.

అక్క పత్రాన్ని బల్ల మీద పెట్టి, చెమ్మగుడ్డలోంచి ఒక పాత హాజరుపట్టీ తీసింది. ఆ పైపు నీళ్లకే తడిసిందది, ఎవరికీ అక్కర్లేనిది. వెదురుపుల్ల ఆయన చేతికిచ్చింది.

"మొన్న ఎవరైనా చేస్తారని మీతో అన్నానండీ. అది అబద్ధం. మర్యాద కోసం అనేశాను. ఒక్క పేజీ తీసి చూడండి."

ఆయన నవ్వుతూ పుల్ల దూర్చాడు. పేజీ పర్రుమని చిరిగింది. ఈసారి ఊపిరి బిగబట్టి ఇంకోటి ప్రయత్నించాడు. అదీ సగానికి పోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

అక్క కింది పేజీని వేలితో ఒకసారి తాకింది. తడిగుడ్డ మళ్లీ కప్పి, కాసేపు నాననిచ్చింది. తర్వాత పుల్ల మెల్లగా జరిపింది. నిద్రపోతున్న పసిపిల్ల మీంచి దుప్పటి తీసినట్టు పేజీ పైకి లేచింది. అక్షరం చెదరలేదు.

"అద్భుతం" అన్నాడాయన, మెల్లగా.

"అవునండీ, ఇరవై రెండేళ్లు పట్టింది నేర్చుకోవడానికి" అంది అక్క.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన జేబులోంచి ఆ ఉత్తర్వు తీసి, సంతకం చేయాల్సిన చోటే అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత మేం బాగుచేసిన రిజిస్టరొకటి తిరగేసి చూసి, నావైపు తిరిగాడు.

"ఈ చిరుగులు అతికింది మీరేనా? అతుకు ఎక్కడుందో తెలియడం లేదు!"

"అబ్బే, నాదేముందండీ..."

బల్ల కింద అక్క నా కాలు గట్టిగా తొక్కింది.

"తొమ్మిదేళ్లు పట్టిందండీ" అన్నాను.