భవాని కోసం కొన్న గిన్నె

"దీన్లో మీరేటి వండుతారు మేడం?" అంది కొట్టులో అమ్మాయి. పేరు రేఖట. మూత ఉన్న పింగాణీ గిన్నెలు మూడు బల్ల మీద పెట్టి, గంటసేపు నన్ను ఓపిగ్గా భరించింది. నాక్కాదమ్మా, నా స్నేహితురాలికి, కొత్తిల్లు కట్టుకుని ఓవెన్ కొనుక్కుంది అని చెప్పాను. తెల్లది మరీ పెద్దది, దాని చెవులు ఓవెన్ తలుపుకి తగిలేలా ఉన్నాయి. నీలంది బాగుంది గానీ మూత మీద బొడిపె ఎత్తు ఎక్కువ. ఓవెన్ లోపలి కొలత భవానినే మాటల్లో పెట్టి ముందే తెలుసుకున్నాను. ఆవపిండి రంగు గిన్నె దానికి సరిగ్గా సరిపోతుంది. వేలి కణుపుతో కొట్టి చూస్తే ఖంగుమంది. "మూత కూడా ఓవెన్లో ఎట్టొచ్చు మేడం, ఏటవ్వదు" అంది రేఖ. మంచి కాగితంలో చుట్టించాను. ఇంత శ్రద్ధగా నా పెళ్ళిచీర కూడా ఎంచుకోలేదు. ఎంచుకోనివ్వలేదు అనాలి.

ఆటోలో గిన్నెని ఒళ్ళో పెట్టుకున్నాక ఆ అమ్మాయి అడిగింది గుర్తొచ్చింది. ఇందులో నేనేమీ వండను, సరే. ఇందులో భవాని వండింది తింటానా? శ్రీకాకుళం రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం, పక్కన ఎవరూ లేకపోయినా తలొంచుకున్నాను.

దుర్గాభవాని మా హైస్కూల్లో బయాలజీ చెప్తుంది, నేను తెలుగు. ఆరేళ్ళుగా స్టాఫ్ రూములో మావి పక్కపక్క కుర్చీలు. నెల్లిమర్ల అవతల వ్యవసాయం చేసుకునే వాళ్ళమ్మాయి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల్లాళ్ళు నా క్లాసులు కూడా తనే లాక్కొచ్చింది. ఓవెన్ లేని రోజుల్లో కూడా కుక్కర్లో ఇసక పోసి కేకు చేసేది. ప్రతి శనివారం నాకో డబ్బా. "గుడ్డు నేదే, పెరుగేసి సేసాను, నీ కోసమే" అనేది. ఇంటికెళ్ళి తింటానని సంచిలో పెట్టుకునేదాన్ని. గేటు దగ్గర అటెండర్ సూరయ్య కవర్లో ఒంపేసేదాన్ని, ఇంట్లో పిల్లలకివ్వు, ఎవరితో అనకు అని. సోమవారం ఖాళీ డబ్బా చేతికిస్తూ "భలే ఉందే, జీడిపప్పు దండిగా వేశావు" అనేదాన్ని. ఆరేళ్ళలో ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు.

ఎందుకూ అంటే చెప్పడానికి నా దగ్గర మా అత్తగారున్నారు. దేవుడి సేవ చేసుకునే వంశం మాది అని రోజుకోసారైనా అంటారు ప్రసూనాంబగారు. నాలుగున్నరకి లేచి తలమీద నీళ్ళు పోసుకుని, మడిచీరతో నైవేద్యం వండి, అది దించాక టిఫిన్లు, ఆ తర్వాత బాక్సులు, ఆ తర్వాత స్కూలు. "వంటింట్లో చెయ్యి పెట్టేదానివి, ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తింటే ఎలాగమ్మా?" అనేవారు. మా ఆయన రోజూ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బేకరీలో ఎగ్ పఫ్ తినొస్తారు. చొక్కా మీద పడ్డ పొట్టు కూడా దులుపుకోరు. "బయట తిరిగే మగాడు, కాళ్ళు కడుక్కుంటే చాలు" అంటారు ఆవిడ. "పెద్దావిడతో నీకెందుకు పట్టింపు" అంటారు ఈయన. ఇల్లు మడిగా ఉంచే చాకిరీ నాది, ఏదైనా తినే హక్కు ఆయనది.

భవాని గృహప్రవేశానికీ వెళ్ళలేదు, భోజనానికి కూర్చోబెడుతుందని. ఆ రోజు మా మామగారి తద్దినమే అని చెప్పాను. ఆయన పోయింది మాఘంలో, ఇది శ్రావణం. పోయిన మనిషిని కూడా అబద్ధంలోకి లాగాను.

ఆదివారం మూడింటికి గిన్నె పట్టుకుని వెళ్ళాను. భవాని కాగితం చింపి, మూత తీసి, మళ్ళీ పెట్టి, చిన్నపిల్లలా మురిసిపోయింది. ఓవెన్లో పెట్టి చూసింది. తలుపు చక్కగా పడింది.

"కొలిసినట్టు తెచ్చావేటే! కూకో. దుంపలూ కాలీఫ్లవరూ ఉన్నాయి, పైన చీజ్ ఏసి ఇప్పుడే పెట్టేస్తాను. ముప్పావుగంట."

నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "ఇవాళ శనివారం కదే, ఒంటిపూట..."

"ఆదివారం" అంది భవాని.

కత్తి తీసి దుంపలు చెక్కడం మొదలుపెట్టింది. నాలుగు దుంపలు అయ్యాయి.

"సూరయ్య మనవరాలికి జీడిపప్పు పడదు" అంది అప్పుడు. "ఓ పాలి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఆస్పత్రికి ఎత్తుకెళ్ళారు. అప్పుడు సెప్పాడు నాకు, ఏడుస్తా. నాలుగేళ్ళయింది. అప్పట్నించీ నీ డబ్బాలో జీడిపప్పు ఒక్కటీ ఎయ్యనేదు."

నాలుగేళ్ళు. నాలుగేళ్ళపాటు సోమవారం సోమవారం లేని జీడిపప్పుని పొగిడాను. భవాని నవ్వుతూ డబ్బా అందుకునేది. చెప్పుకోలేనంత సిగ్గేసింది. ఆ పిల్ల ఆస్పత్రిలో పడింది కూడా నేను ఒంపిన కేకు వల్లే.

"తెలిసీ ఎందుకు తెచ్చావే?"

"పిల్ల తింటన్నాది కదా. మరీ... నువ్వెప్పుడు సెప్తావా అని సూసాను."

మా అత్తయ్య, అని మొదలుపెట్టాను. భవాని కత్తి ఆపి నా వైపు చూసింది. కోపంగా కాదు, ఆ మాట కూడా వింటానన్నట్టు. మాట మధ్యలోనే ఆపేశాను. అత్తయ్య స్టాఫ్ రూములో లేరు. గేటు దగ్గరా లేరు. అక్కడే డబ్బా మూత తీసి ఒక ముక్క తింటే చూసేవాళ్ళే లేరు. మా అమ్మ చెప్పిందీ, అత్తగారు చెప్పిందీ ఎప్పుడో నా నాలుకలోకి దిగిపోయింది. కాపలా వాళ్ళు కాయలేదు, నేనే కాశాను.

"నేనే తినలేదే. ఎవరూ వద్దన్నందుకు కాదు" అన్నాను. ఏడుపొచ్చింది. భవాని ఊరుకోమనలేదు. దుంపలూ కాలీఫ్లవరూ గిన్నెలో సర్ది, పైన చీజ్ వేసి, మూత పెట్టి ఓవెన్లోకి తోసింది. దుంపతొక్కలు నేను ఎత్తాను.

ముప్పావుగంటకి భవాని గిన్నె బయటికి తీస్తుండగా ఫోన్ మోగింది. మా ఆయన. "ఎక్కడున్నావ్? సాయంత్రం టిఫిన్ ఏంటని అమ్మ అడుగుతోంది."

"భవాని వాళ్ళింట్లో. తినే వస్తాను."

"తింటే... తెలిస్తే అమ్మ నిన్ను వంటింట్లోకి రానిస్తుందా?"

"తెలుస్తుంది, నేనే చెప్తాను. రానివ్వకపోతే మీరు వండండి. కాళ్ళు కడుక్కుంటే చాలు కదా."

ఫోన్ పెట్టేశాను. భవాని విననట్టే మూత తీసింది. పళ్ళెంలో పెద్ద గరిటెడు పెట్టి నా ముందుకి జరిపింది. తను పెట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని నా నోటివైపే చూస్తోంది. చెంచా ఎత్తాను. మింగాను. బాగుందే అనే మాట ఆరేళ్ళ అలవాటుతో పెదాల దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఇంకో ముద్ద తిన్నాను, ఈసారి నెమ్మదిగా, రుచి తెలిసేదాకా నమిలి.

"ఉప్పు తక్కువైందే" అన్నాను.