బజ్జీలు తిన్న రోజు మాత్ర

మా ఆయన రంగనాథ్‌కు హిందూపురంలో స్టీలు సామాన్ల అంగడి. అంగట్లో చెంచా ఒకటి తగ్గినా కనిపెడతాడు గానీ, సొంత ఒంటి సంగతి మాత్రం పట్టదు. ఏటా మా పెళ్లిరోజున ఇద్దరం పెనుకొండ కొండెక్కి, పైన కూర్చుని చిత్రాన్నం తినడం అలవాటు. ఇరవై ఏడేళ్లు ఒక్కసారీ తప్పలేదు. ఆయనకు బీపీ బయటపడ్డాక, అది అదుపులోకి వచ్చేదాకా కొండ వద్దంది డాక్టర్ సుచిత్ర. తర్వాతి రెండేళ్లూ కొండ కిందే క్యారియర్ విప్పుకుని తిన్నాం. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు.

ఈసారి ఎలాగైనా ఎక్కాలని, మూడు నెలల ముందే ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆమె బీపీ రోగుల రక్తనాళాల మీద ఏదో పరిశోధన చేస్తోంది. ఆయన ముంజేతికి పట్టీ బిగించి, ఐదు నిమిషాలుంచి, చటుక్కున వదిలింది. మోచేతి పైన స్కానింగ్ పెట్టి నాళాన్ని తెర మీద చూపింది.

"పట్టీ వదలగానే రక్తం ఉరికొస్తుందమ్మా. నాళం సాగి దారివ్వాలి. ఈయనది బిగుసుకునే ఉంది. నేనిచ్చిన కొలెస్ట్రాల్ మాత్ర కొవ్వు తగ్గించడమే కాదు, ఈ నాళాలు సాగడానికీ కొంత సాయపడుతుంది. రోజూ వేసుకుంటున్నారా?"

"మింగుతాండా మేడం!" అన్నాడు మా ఆయన గర్వంగా. "బజ్జీలు తిన్న రోజు ఒక్కటి గూడా తప్పలేదు."

"తినని రోజు?"

"నూనే తిననప్పుడు మాత్రెందుకు మేడం?"

విషానికి విరుగుడులా బజ్జీకి మాత్ర వేసుకుంటున్నాడన్నమాట, మహానుభావుడు! డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే దులిపేశాను. "గిరాకీ వచ్చిన రోజే అంగడి షట్టరు తీస్తారా మీరు? దినామూ తీస్తేనే గదా గిరాకీ నిలబడేది!"

వ్యాపారి భాషలో చెబితే గానీ ఎక్కలేదు. ఆ రాత్రి నుంచి మాత్ర నేనే చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి చూశాను. ఉప్పు తగ్గించాను, ఊరగాయ జాడీ అటక మీద పెట్టాను, పొద్దున్నే నడవమని తరిమాను. బజ్జీల బండి వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు.

మూడు నెలలకు మళ్లీ పట్టీ బిగించింది డాక్టరమ్మ. వదలగానే తెర మీద నాళపు నల్లటి దారి వెడల్పయింది. వెంట్రుకవాసే. దానికే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బీపీ కూడా దారికొచ్చింది. మాత్రలూ, నడకా, మీ కాపలా, అన్నీ కలిసి పనిచేశాయి. నిదానంగా ఎక్కండి" అంది.

పెళ్లిరోజున ఆయన కొత్త పెళ్లికొడుకులా ముందు నడిచాడు. సగం దూరానికి ఆయాసంతో బండ మీద కూలబడింది నేను! వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే పైకి చేరాను. గాలి చల్లగా తగిలింది. మూడేళ్లకు ఆ చిత్రాన్నం మళ్లీ రుచిగా అనిపించింది.

"సుగుణా, నీ బీపీ ఎప్పుడు చూపించుకున్యావు?" అన్నాడు ఉన్నట్టుండి.

"నాకేం నొప్పి ఉండాదని చూపించుకోవాల?"

ఆయన చేతిలో ముద్ద పట్టుకుని, తాపీగా నా వైపు చూశాడు.

"గిరాకీ వచ్చిన రోజే షట్టరు తీస్తావా?"

నవ్వుకు నాకు పొలమారింది. నా నెత్తి మీద తడుతూ, సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదామన్నాడు.