చెబుతూ తీయాల్సిన గుండె బొమ్మ

ఆ ఆదివారం లోపల ఊర్మిళ ఇంకొక్క రికార్డింగు పంపాలి. పంపితే చదువు పూర్తయినట్టే, ఆసుపత్రిలో ఎకో గది తనకే ఉంటుంది. పంపకపోతే ఆ గది వేరే వాళ్లకు పోతుంది. కానీ తమ్ముడు సురేశ్ పోయిన దగ్గర నుంచి నా మనుమరాలు ఎకో మిషన్ మీద చెయ్యి పెట్టలేదు. సెలవు మీద సెలవు పెట్టింది. సూరత్ నవాగామ్‌లో మా గదిలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఫోన్లో పాఠం నడుస్తుంటే చప్పుడు తీసేసి, పెదవులు కదిలే ఆ మేడమ్ మొహాన్ని ఊరికే చూసేది. వాళ్లమ్మ నర్సవ్వ కొడుకు చొక్కాలు ఉతికినవే మళ్లీ ఉతికేది. నా కొడుకు సోమలింగం సాంచాల ఖాతాకు, అంటే మరమగ్గాల కార్ఖానాకు పోయి, తన వంతు పాళీ దిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు. ఇంట్లో ఇంక లేచి తిరిగేదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి దాన్ని లేపడం నా పనే అయింది.

ఎకో అంటే ఏమిటో మొదట్లో నాకూ తెలియదు. కడుపులో బిడ్డను చూసే మిషన్ ఉంటుంది కదా, అలాంటిదానితోనే గుండెను చూస్తారు. రొమ్ము మీద చల్లటి జెల్లీ రాసి, పిడికిట్లో పట్టే ఒక వస్తువును పక్కటెముకల సందులో ఆనిస్తే గుండె కొట్టుకోవడం తెర మీద కనిపిస్తుంది. ఊర్మిళ టెక్నీషన్, దాని పని ఆ వస్తువు పట్టుకోవడం. బొమ్మ తను తీస్తుంది, అందులో ఏముందో రోగికి చెప్పేది మాత్రం డాక్టరు. తీసినవాళ్లు నోరు విప్పకూడదు, మొహంలో కూడా ఏమీ కనబడనీయకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వరాఛా వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె దీని చెయ్యి పట్టుకుని "బేటీ, నేను బతుకుతానా?" అని అడిగిందట. డాక్టరుగారు చెబుతారని బయటికొచ్చి, బాత్రూమ్‌లో నీళ్లు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చిందట. అలాంటి పిల్ల.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక, ఆ ఏడు దసరా ముందు, మళ్లీ చదువుకోవాలి అంది.

"ఉద్యోగం జేస్తున్నవ్ గద, ఇంకేం సదువే?" అన్నాను.

"కొత్త రోగమొచ్చింది గదా అవ్వా. ఊపిరితిత్తులనే గాదు, గుండెను గూడ పడుతున్నది. పాత సదువుతోని కొత్త రోగాన్ని ఎట్ల సూడాలె?"

సురేశ్ పక్కనే కూర్చుని రొట్టె తింటున్నాడు. "మా ఖాతాల సాంచాలన్నీ మార్చిన్రు, మాకెవడన్న క్లాసు వెట్టిండా? ఏళ్లు తెగినంక మేమే నేర్చుకున్నం" అన్నాడు.

"నువ్వు నీ ఏళ్లే తెంపుకుంటవ్‌రా. నేను తప్పు జేస్తే పోయేటివి మంది పానాలు" అంది ఊర్మిళ.

వాడు దాని కంటే నాలుగేళ్లు చిన్న. బమ్రోలి దగ్గర ఖాతాలో పని. మనిషి వెదురుబద్ద. నేను ఎంత నెయ్యి పోసినా ఒంటికి పట్టేది కాదు. మా ఆయన కూడా అలాగే ఉండేవాడు. ప్లేగు వచ్చిన సంవత్సరం ఊరు ఊరంతా రైళ్లెక్కి పారిపోతుంటే, స్టేషన్ తోపులాటలో ఆయన్ని ఎవరో కిటికీలోంచి మూటలాగా లోపలికి తోశారు. నేను బయట, ఆయన లోపల. మళ్లీ అదే కిటికీలోంచి బయటికి దూకి వచ్చాడు. సరే, ఆ కథ ఇప్పుడెందుకు. సన్నగా ఉండటమే వీణ్ణి అక్క చదువుకు పనికొచ్చేలా చేసింది, అది చెబుదామని.

పాఠాలు ఫోన్లోనే. అహ్మదాబాద్ నుంచి ఒక మేడమ్ చెప్పేది. ఆవిడ పెట్టిన షరతు ఏమిటంటే, బొమ్మ ఊరికే తీసి పంపితే కుదరదు. చెయ్యి ఎక్కడ ఆనించావు, ఏం కనబడుతోంది, అంతా పైకి చెబుతూ తీయాలి. ఆ గొంతుతో సహా పంపాలి. నాలుక తడబడితే చెయ్యి కూడా తడబడినట్టేనట. రోగి ముందు నోరు కట్టుకోవాలి, చదువుకునేటప్పుడు నోరు ఆగకూడదు. రెండూ ఒకే గదిలో, ఒకే మిషన్ దగ్గర.

మామూలు రోగులు కరోనా భయానికి ఆసుపత్రి గడపే తొక్కడం లేదు. నేర్చుకోవడానికి మంచి గుండె కావాలి. ఆదివారం మధ్యాహ్నాలు పాత మిషన్ వాడుకోమని అక్కడి పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. మొదట నేనే పోయి పడుకున్నాను. అది ఎంత వెతికినా తెరంతా మబ్బు పట్టినట్టే ఉంది.

"నీ ఊపిరితిత్తులు అడ్డమొస్తున్నయ్ అవ్వా."

"అవ్వకు నోరొక్కటే అడ్డమొస్తదనుకున్న, ఊపిరితిత్తులు గూడ వస్తయా?" అన్నాడు సురేశ్. వాణ్ణి ఒకటి వేశాను.

తర్వాత వాడు చొక్కా విప్పి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. అబ్బ, ఏం కనబడింది! ఊర్మిళ గొంతే మారిపోయింది.

"ఇగో, గుండెల నాలుగర్రలుంటయ్, నాలుగు గదులన్నట్టు. ఇది ఎడమ అర్ర, పెద్దగుంటది. ఇది కుడి అర్ర, చిన్నది. నడిమిట్ల గోడ. ఇగో తలుపు తెరుసుకున్నది, మూసుకున్నది."

"నా లోపల నాలుగర్రల ఇల్లున్నదా? బయటేమో ఒక్క అర్రల అయిదుగురం పండుతున్నం. కిరాయికిద్దామా అక్కా?"

"నవ్వకురా, బొమ్మ ఊగుతున్నది!"

చలికాలమంతా ఆదివారాలు అలాగే గడిచాయి. నేను రొట్టెలు కట్టుకుని వెంట పోయేదాన్ని. అది తెలుగులో ఒకసారి తమ్ముడికి చెప్పి, తర్వాత హిందీలో మేడమ్‌కు చెప్పేది. వాడు తెర వైపు చూసేవాడు కాదు, దాని మాటలు వింటూ కునుకు తీసేవాడు. పాళీలో అలసిన ఒళ్లు. మేడమ్ ఆ బొమ్మలు అందరికీ చూపించి మెచ్చుకుందట. మరుసటి ఆదివారం వీడు నడిచే నడకే మారింది.

ఉగాది పోయాక వాడికి జ్వరం వచ్చింది. సూరత్‌లో అప్పుడు మంచం దొరకడమంటే మాటలు కాదు. అక్క అక్కడే పని చేస్తుందని ఆ ఆసుపత్రిలోనే ఒక మంచం ఇచ్చారు. సోమలింగం గేటు బయట ఫుట్‌పాత్ మీద ఉండేవాడు. మాకు లోపలికి దారి లేదు. ఊర్మిళకు మాత్రం ఉంది. ఎకో తీసే ఇంకో పిల్లవాడు జ్వరంతో పడిపోతే, వార్డులన్నిటికీ ఇదే తిరుగుతోంది. ఒకరోజు డాక్టరు, సురేశ్ మంచం దగ్గరికి మిషన్ తీసుకుపొమ్మన్నాడు.

ఆ సంగతి అది నాకు చెప్పింది చాలా తక్కువ. తెల్ల సూటు, ముఖానికి ముసుగు, దాని మీద అద్దం. కళ్లు కూడా సరిగా కనబడవు. జెల్లీ రాసి చెయ్యి ఆనించగానే చూసింది. చిన్నగా ఉండాల్సిన కుడి అర్ర ఉబ్బిపోయి, నడిమి గోడను ఎడమ వైపుకు నెట్టేస్తోంది. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డ కట్టిందని దానర్థం. చుట్టూ రోగులు, పక్కన నర్సు. వాడు అడిగాడట, "అక్కా, ఎట్లున్నది?" అని. ఇది నేర్చుకున్న పని నేర్చుకున్నట్టే చేసింది. "సాహెబ్ వచ్చి చెప్తడు, పండుకో" అని మిషన్ తోసుకుంటూ వెళ్లిపోయింది. తెల్లారితే వాడికి ఇంకా ఎక్కువైంది. ఆ తర్వాతి రోజు పోయాడు.

అక్క వచ్చి ఎకో తీసిన రోజు సాయంత్రం వాడు నాకు ఫోన్ చేశాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఏం మాట్లాడాడో మాత్రం తెలియదు. మూతి మీద గొట్టం ఉంది, ఒక్కో మాటకూ ఆగుతున్నాడు.

"అవ్వా, అక్క వచ్చింది."

"సూసిందా? ఏమన్నది?"

"ఏమనలే. గదే అంటున్న. చెయ్యి పెట్టంగనే ఎర్కపట్టిన అక్కనే అని. అర్రలనలే, తలుపులనలే. నోరే ఇప్పలే." చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నా పని అయిపోయిందవ్వా."

"పిచ్చి మాటలు మాట్లాడకురా, అసలేం గాలే. జావ తాగినవా?"

వాడు నవ్వాడు. దగ్గో నవ్వో, నాకు మాత్రం నవ్వులాగే వినబడింది. "నువ్వు గూడ టెక్నీషన్‌వయినవా అవ్వా?" అన్నాడు. తర్వాత, "నాకు తెలిసిందని అక్కకు చెప్పకు. మస్తు కష్టపడ్డది పాపం, మాట రాకుండ" అన్నాడు.

చెప్పనని ఒట్టేశాను.

ఇక ఆ ఆఖరి ఆదివారం. పొద్దున నుంచి వెంటపడి, బతిమాలి, తిట్టి, ఊర్మిళను లేపాను. "ఎవ్వరి గుండె చూడాలె? ఎవరున్నరు?" అంది. "నేనున్న. మబ్బులనే యెతుకు" అన్నాను. ఏమనుకుందో, లేచి తల దువ్వుకుంది. ఆటోలో ఉధ్నా వంతెన దాటేదాకా ఒక్క మాట లేదు.

ఎకో గదిలో దుమ్ము తుడిచింది. ఫోన్‌ను తెరకు ఎదురుగా నిలబెట్టి రికార్డింగు నొక్కింది. నేను ఎడమ పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకున్నాను. అది జెల్లీ రాసింది. పక్కటెముకల సందులు ఒక్కొక్కటే నొక్కుకుంటూ, ఊపిరి పట్టమని, వదలమని, చివరికి ఎక్కడో దొరకబట్టింది. మబ్బులోనే, కానీ కనబడుతోంది. ఈ కొన్ని నెలల్లో దాని చెయ్యి ఎంత ఆరితేరిందో నాకు అప్పుడు తెలిసింది.

"చెప్పు బిడ్డా, చెప్పుకుంట తియ్యాలె గద" అన్నాను.

"ఇది ఎడమ..." అంది. ఆగింది. మళ్లీ "ఇది ఎడమ..." అంది. చెయ్యి కదల్చకుండా, తెర వైపే చూస్తూ అడిగింది.

"అవ్వా, ఆ దినం వాడు నీకు ఫోన్ చేసిండు గదా. భయపడ్డడా?"

నేను తల కింద చెయ్యి సర్దుకున్నాను.

"నేను జెప్పలే వానికి. తమ్మునికి గూడ రూలే పాటించిన. కనీసం ఏం తెల్వకుండ, బుగులు లేకుండ పండుకున్నడేమో అనుకుంటున్న. గట్లయితే సాలు నాకు. గట్లనే గదా?"

దానికి కావలసింది ఆ ఒక్క మాటే. నా దగ్గర మాటలకు ఎప్పుడు కరువు? "గట్లనే బిడ్డా. భయమే లేదు వానికి. అక్క వచ్చి చూసింది, ఏం ఫికర్ లేదు, ఇంటికొచ్చినంక చాపల పులుసు వండు అన్నడు" అన్నాను. నవ్వు మొహం పెట్టి మరీ అన్నాను. మొహం మీద పెట్టిన నవ్వు అలాగే ఉంచుకున్నాను.

అది నా మొహం చూడటం లేదు. తెర చూస్తోంది.

"గిదేంది, గిట్ల ఉరుకుతున్నది?" అంది.

"ముసలి గుండె. మెట్లెక్కిన గద."

"మెట్లెక్కొచ్చి పండుకున్నప్పుడు గిట్ల లేదు. నేను సూసిన. ఇప్పుడు, చాపల పులుసు అన్నప్పుడు షురువైంది."

నేను ఊపిరి బిగబట్టాను, దాన్ని ఆపగలిగినట్టు. అది ఆగుతుందా? తెర మీద నా గుండె, గదిలో చిక్కిన పిల్లిపిల్ల గోడకు తల బాదుకున్నట్టు బాదుకుంటోంది. నాకే కనబడుతోంది. ఇక దానికి కనబడదా?

"అవ్వా. ఏమన్నడు వాడు?"

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. చెప్పాను. నువ్వు అర్రలనలేదని, తలుపులనలేదని, దాంతోనే తెలిసిపోయిందని. వాడు నీకు చెప్పొద్దన్నాడని కూడా చెప్పాను, అదేదో ఓదార్పు అవుతుందనుకుని. అదే ఎక్కువ తగిలింది. "పాపం" అన్నాడా నన్ను, అని అడిగింది. అన్నాడన్నాను.

 తర్వాత నా రొమ్ము మీది జెల్లీని గుడ్డతో మెల్లగా, మూల మూలలా తుడిచింది, చిన్నపిల్లను తుడిచినట్టు. జాకెట్టు గుండీలు తనే పెట్టింది. ఫోన్ అప్పటిదాకా రికార్డు చేస్తూనే ఉంది. ఆపి, ఆ రికార్డింగు చెరిపేసింది.

"మళ్ల తియ్ బిడ్డా, ఇంక పొద్దున్నది. నేను నోరు మూసుకుని పండుకుంట" అన్నాను.

"నువ్వు మూసుకుంటె ఏం లాభమవ్వా? చెప్పాల్సింది నేను. నాకు వస్తలేదు" అంది.

రెండోసారి ప్రయత్నించింది కూడా. బొమ్మ దొరికింది. మొదటి దానికంటే బాగానే దొరికింది. నోరు తెరిచి, మూసి, తెరిచి, చివరికి మిషన్ ఆపేసింది. మాట లేకుండానే ఆ బొమ్మను మేడమ్‌కు పంపింది. గొంతు లేదు, మళ్లీ పంపమని మేడమ్ రాసింది. మంచావిడే, ఇంకొంచెం గడువు కూడా ఇచ్చింది. ఊర్మిళ జవాబు రాయలేదు.

వానలు మొదలయ్యాక మళ్లీ డ్యూటీకి పోతోంది. ఎకో గదికి కాదు, ఈసీజీ గదికి. అక్కడ కాళ్లకూ చేతులకూ క్లిప్పులు తగిలించి మీట నొక్కితే కాగితం వస్తుందట. చెయ్యి ఆనించి వెతికే పని లేదు. ఎకో గదిలోకి వల్సాడ్ నుంచి ఎవరో అమ్మాయి వచ్చిందట. చెయ్యి మంచిదేనట, ఊర్మిళే చెప్పింది. చెప్పి, కంచంలో అన్నం కలుపుతూ కూర్చుంది. కలిపిందే కలుపుతోంది. చల్లారిపోతోంది, తినమన్నాను.