ఒక్క చరణం

తమ్ముడి బ్యాండు పేరు ‘తుప్పు’. పేరుకు తగ్గట్టే కారు షెడ్డులో పుట్టింది, అక్కడే మూలపడింది. మిగిలిందల్లా బీరువాలో ఒక రికార్డు. మెత్తటి పూత పూసిన రేకు మీద పాటను నేరుగా చెక్కించుకున్న సొంత సరుకు. వాయించిన ప్రతిసారీ ముల్లు ఆ పూతను కాస్త గీరేస్తుందని చెక్కినవాడు ముందే హెచ్చరించాడు. మూడు తీయిస్తే, ఒకటి కారులో ఎండకు పూత పొక్కి పాడైంది. ఇంకొకటి, మొదటి కచేరీకి వెళ్తూ వ్యాను బోల్తాపడినప్పుడు తమ్ముడితోపాటే పోయింది.

అందుకే అక్క ఇన్నేళ్లూ దాన్ని ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. తమ్ముడి గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. కాపీ తీసే యంత్రం దొరికేదాకా ఆగుదామని పంటి బిగువున ఓపిక పట్టింది. తాను ఉద్యోగానికి వెళ్తే ఇల్లు కనిపెట్టుకుని ఉండేది అమ్మ కాబట్టి, బీరువా తాళంచెవి ఆవిడకే అప్పగించింది.

ఆ ఆదివారం మొగుడు ఎవరినో బతిమాలి యంత్రం తెచ్చాడు. ఒకప్పుడు ‘తుప్పు’లో డ్రమ్ములు బాదిన వీరుడే. ఇప్పుడు ఎవరైనా గట్టిగా తలుపేస్తే ఉలిక్కిపడతాడు.

“మీరూ రండి అత్తయ్యా. షెడ్డు తలుపు బాది మరీ తిట్టేవారే, ఆ పాటే.”

“తిట్టక? మీ గోలకి గిన్నెలో పాలు విరిగేవి.”

అక్క కవరులోంచి రికార్డు తీసింది. నల్లగా నిగనిగలాడుతోంది, మధ్యలో ఒక్క వలయం తప్ప. అక్కడ బూడిద పులిమినట్టుంది. మొగుడు యంత్రం తగిలించిన ఇంటి పాత ప్లేయరు మీద దాన్ని పెట్టి, ముల్లు దించింది.

డ్రమ్ములు మోగాయి. గిటారు ఇరుగుపొరుగు మీద పాత కసి తీర్చుకుంటున్నట్టు అరిచింది. గిటారువాడి పంతం పుణ్యమా అని తమ్ముడికి దక్కింది మధ్యలో ఒక్క చరణమే. అదీ వచ్చింది. వట్టి బుస. అది ఆగీ ఆగగానే డ్రమ్ములు మళ్లీ చెక్కుచెదరకుండా మోగాయి.

మొగుడు వైర్లు పీకి మళ్లీ గుచ్చాడు. “యంత్రంలో తేడా ఉందేమో...”

“యంత్రానికేం రోగం?” అంది అక్క, అమ్మనే చూస్తూ. “రోజూ పెట్టావా?”

అమ్మ చేతిలో తువాలు మెలితిప్పింది. “పాటంతా ఎక్కడ పెట్టానే? వాడు పాడే కాస్తే. మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు మీద పడేది.”

“సరే, మాటలైనా చెప్పు. ఏం పాడాడు?”

“మాటలా? ఆ గోలలో మాటలెవరికి కావాలి? గొంతు కోసం విన్నాను.”

అక్క మొగుడి వైపు తిరిగింది. అతను నేలచూపులు చూశాడు. “నా చెవులు డ్రమ్ముల మీదే ఉండేవి.”

చివరికి అమ్మే అంది. “ఇంకోసారి పెట్టవే. ఆ కాస్తే.”

“అరిగిపోతుంది అత్తయ్యా,” అన్నాడు అల్లుడు, అలవాటు కొద్దీ.

“ఇంకా అరగడానికేముంది?”

అక్క ముల్లు ఎత్తి బూడిద వలయం మీద దించింది. బుస మొదలైంది. అమ్మ కళ్లు మూసుకుని, సన్నగా తలూపసాగింది. అక్క కూడా పక్కనే కూలబడి చెవి ఒగ్గింది. అమ్మకు వినిపిస్తున్నదేదో ఆమెకు చివరిదాకా వినిపించలేదు.