ముందే అయిపోయిన పని

బ్రౌనీలు చేసిన రోజున తినకూడదు. ఈ మాట చెప్పి ఇంట్లో అందరినీ నవ్వించాను. "తినకూడనప్పుడు చేయడమెందుకమ్మాయ్?" అన్నారు మామయ్య. వేడి మీద కోస్తే ముక్క నిలవదు, రాలిపోతుంది. ఒక రోజు ఆగితే లోపలి చాక్లెట్ బిగుసుకుని, కత్తికి మెత్తగా లొంగుతుంది. అత్తయ్యా మామయ్యల నలభయ్యో పెళ్ళిరోజు శనివారం సాయంత్రమైతే, నేను గురువారమే ఓవెన్ వెలిగించింది అందుకే అని అందరికీ చెప్పాను.

అసలు కారణం వేరే. శనివారం పొద్దున నాకు ఇంటర్వ్యూ ఉంది. తాగే నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పిలుపు.

వెన్నా చాక్లెట్టూ ఉన్న గిన్నెను మరిగే నీళ్ళ మీద పెట్టి కరిగిస్తుంటే కాలేజీ గుర్తొచ్చి కూనిరాగం తీశాను. మంట నేరుగా తగలకూడని వాటిని ల్యాబ్‌లోనూ ఇలాగే నీళ్ళ మీద పెట్టి వేడిచేసేవాళ్ళం. తేడా ఒక్కటే, అక్కడ గరిటె నాకనిచ్చేవాళ్ళు కాదు. వెనకనుంచి వచ్చి ఆ గరిటె కాస్తా మావారు లాక్కుని శుభ్రంగా నాకేసి, "మా ఆవిడ చేతిలో ఏదో ఉంది బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. కొత్త కాపురం కదా, నాకు అన్నీ ముద్దే. "మావారు" అని పలకడం ముద్దు. దండెం మీద నా తువ్వాలు పక్కన ఆయన తువ్వాలు ఆరడం ముద్దు. ఓవెన్ ముందు నిలబడి చెమటలు కక్కడం కూడా ముద్దుగానే ఉందంటే నా పిచ్చి ఎంతదో చూడండి. పైపొర నిగనిగలాడుతూ సన్నగా పగులు తీసినప్పుడు నిజంగా చప్పట్లు కొట్టాను.

"ఇక శనివారం కోసే పనే. పొద్దున ఇంటర్వ్యూకి వెళ్ళి భోజనాలవేళకి వచ్చేస్తా" అన్నాను.

"అబ్బో, ప్లానింగంటే నీదే" అని బుగ్గ గిల్లారు.

శుక్రవారం సాయంత్రం వదిన పిల్లలిద్దరితో దిగింది. ఈయనకి అక్క. వస్తూనే ఫ్రిజ్ తెరిచి, "ఇవన్నీ నిన్ననే చేసేశావా? అయితే రేపు పొద్దున ఖాళీయే అన్నమాట" అంది.

నేను నోరు తెరిచేలోపు మావారు అందుకున్నారు. "పూర్తిగా ఖాళీ! పిల్లల్ని తన దగ్గర వదిలేసి నువ్వూ అమ్మా పార్లర్‌కి వెళ్ళిరండి. నేనూ నాన్నా ఫంక్షన్ హాలు సంగతి చూస్తాం."

"నా చొక్కాలు కూడా ఇస్త్రీకి ఉన్నాయమ్మాయ్" అన్నారు మామయ్య, పేపర్‌లోంచి తలెత్తకుండా.

"రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మావారు తల గోక్కున్నారు. "అయ్యో, చెప్పడం మర్చిపోయా బంగారం. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు, వస్తున్నారా అని. ఇంట్లో ఫంక్షన్ ఉంది, కుదరదని చెప్పేశా. నీకెందుకు టెన్షన్?"

"ఎంత బాగా చూసుకుంటాడో మా తమ్ముడు!" అంది వదిన. "మా ఆయనైతే నా ఫోన్ మోగి మోగి చస్తున్నా ఎత్తడు."

అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. ఎవరినని తప్పుపట్టను? ఎవరూ అరవలేదు. ఎవరూ వద్దనలేదు. కసిరితే ఎదురు తిరగొచ్చు, బుగ్గ గిల్లితే ఏం చేయాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. రోజంతా నిలబడి నాకోసం ఒక్క పొద్దుటిపూట మిగుల్చుకున్నాను. అది మిగిలిందని తెలిసీ తెలియగానే వీళ్ళు తలా ఒక ముక్క కోసుకున్నారు. వదినకో ముక్క, పిల్లలకో ముక్క, చొక్కాలకో ముక్క. పంచిపెట్టింది నా మొగుడు. అదీ నన్ను మెచ్చుకుంటూ.

అత్తయ్య పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. ఎప్పుడు చూసినా ఆవిడ ఒళ్ళో ఆ గిన్నె ఉంటుంది. పాపం ఎంత పనో అనుకునేదాన్ని.

"పిచ్చిదానా," అన్నారు గొంతు తగ్గించి, "పనంతా ముందే చేసేసి, అయిపోయిందని చాటుకుంటారా ఎవరైనా? నన్ను చూడు. ఈ గిన్నెలో కాసిని రెబ్బలు ఎప్పుడూ ఒలవకుండా అట్టే పెడతా. ఎవరు కేకేసినా, చేతిలో పనుందంటా. అలా కాసేపు కదలకుండా కూర్చుంటా. నలభై ఏళ్ళుగా ఇదే మంత్రం."

గర్వంగా చెప్పారు. కూతురికి కూడా చెప్పని రహస్యం నాకు చెబుతున్నట్టు చెప్పారు. సొంత ఇంట్లో కూర్చోవడానికి దొంగతనం నేర్చుకున్న నలభై ఏళ్ళు. రేపు ఫంక్షన్ హాలు అలంకరించి, బ్రౌనీలు పంచి మేం పండగ చేసేది వాటికే.

"మరి ఎక్కడికైనా వెళ్ళాలనిపిస్తే అత్తయ్యా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎక్కడికి వెళ్తామే?" అన్నారు.

హాల్లోకి వెళ్ళాను. ఫోన్ తీసి, అందరూ చూస్తుండగానే ల్యాబ్‌కి చేశాను. అవతల ఒకావిడ ఎత్తింది. నా పేరు చెప్పాను.

"మీవారు కుదరదన్నారే?"

"నన్ను అడక్కుండా అన్నారండీ. నేను వస్తున్నాను."

ఆవిడ కాగితాలు తిరగేసిన చప్పుడైంది. సరే రమ్మంది. ఫోన్ పెట్టేసేసరికి మామయ్య పేపర్ మడతపెట్టేశారు. "మరి నా పిల్లలు?" అంది వదిన. మావారు లేచి నా దగ్గరికొచ్చి, మొదటిసారి బంగారం అనకుండా మాట్లాడారు.

"అందరి ముందూ ఏంటిది? ఇంట్లో ఇంత పని పెట్టుకుని వెళ్తానంటావా?"

"అవును, చాలా పనుంది," అన్నాను. "అది అలా ఉండగానే వెళ్తున్నాను."