జట్కా మీద రాసిన అర్జీ

ఈ సందులోకి కాపురం వచ్చిన ఏడాదే నేను ఆ అర్జీ రాశాను. ఇబ్రాహీం తన జట్కాను ఇంటి ముందే నిలుపుతాడు. రాములవారి పల్లకికి దారి ఉండదని నా భయం. పండుగ పూట తీయిస్తే చాలనుకున్నాను. ఇళ్ల ముందు బండ్లు నిలపరాదన్న కాయిదా చూపి మునిసిపాలిటీవాళ్లు జట్కానే పట్టుకుపోయారు.

మరునాడు ఇబ్రాహీం మా అరుగు మీద కూర్చున్నాడు.

"కైలాసమన్నా, బండి ఇడిసిపెట్టమని జర అర్జీ రాసియ్యి. ఉత్త గుర్రంతోని పిల్లలనెట్ల సాకాలె?"

"పల్లకికి అడ్డమని ఎవరన్నా..."

"పల్లకొచ్చే యాళ్లకు ఏటా నేనే పక్కకు నూకుత గదనే! ఎవడో తెల్వనోడు రాసిండు."

రాముడు నన్ను దారి అడిగాడా? తలవంచి రాశాను. మొదటి అర్జీ నాదేనని, తప్పూ నాదేనని అందులోనే రాశాను.

"ఏం రాసినవో సదువన్నా," అన్నాడు చదువురాని ఇబ్రాహీం.

స్వామిని తలుచుకొని చదవడం మొదలుపెట్టాను.