జత తప్పిన గ్లాసు

టంగ్. టంగ్. టంగ్.

గోడ అవతల స్టీలు గ్లాసు మీద చెంచా మోగింది. నల్లబల్ల మీద ‘పౌరుని విధులు’ అని రాసి కింద గీత గీస్తున్న పెద్ద టీచరు చెయ్యి సగంలో ఆగింది. ఆ గీత చివరికి చేరేలోపు తరగతిలోని చెవులన్నీ గోడ దాటి వెళ్ళిపోయాయి. బెంచీల మీద ఒళ్ళు మాత్రం మిగిలాయి.

“గోడకేసి ఏం చూస్తారు? అక్కడేమన్నా సినిమా ఆడుతోందా?”

“సినిమా కాదు టీచర్, సభ!” వెనక బెంచీ నుంచి ఓ గొంతు. కిసుక్కున నవ్వులు.

ఆ మోత ఏ గ్లాసుదో ఆమెకు బాగా తెలుసు. పుట్టింటివారు పెట్టిన ఆరు గ్లాసుల జతలోది. అంచు కింద చిన్న సొట్ట. వంటింటి అలమరలో దాని చోటు ఖాళీగా ఉంటుంది. పొద్దున్నే కాఫీ పోసే వేళ ఆ ఖాళీయే ఆమెను ముందుగా పలకరిస్తుంది. దాన్ని పట్టుకొచ్చి బడిలో గంట చేసింది ఆమె తోడికోడలు. ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే బడి పంతులమ్మలు. ఊరికి వాళ్ళు పెద్ద టీచరు, చిన్న టీచరు. ఇంట్లో పెద్దామె చిన్నామెను ‘ఇదిగో’ అని పిలిచేది, లేదంటే ‘నిన్నే’ అనేది. ఆ పిల్ల వచ్చి మూడేళ్ళయినా ఆమె పేరు తన నోట రానివ్వలేదు.

తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో పౌరశాస్త్రం ఎవరికీ అక్కర్లేని పాఠం. ఎవరి మెడ ఖాళీగా కనబడితే వారికి తగిలించేవారు. ఆమె మెడకు తగిలింది, ఉండిపోయింది. అప్పటినుంచీ హక్కులు చెప్పింది, విధులు చెప్పింది, రహస్య ఓటు ఎంత గొప్పదో గొంతు బొంగురుపోయేలా చెప్పింది. ఎన్నికల నాడు మాత్రం మామగారు మంచం మీద నుంచే ఫలానా గుర్తు అనేవారు. ఇంటిల్లిపాదీ వెళ్ళి ఆ గుర్తుకే వేసి వచ్చేవారు, పౌరశాస్త్రం టీచరుతో సహా.

చిన్నకోడలు వచ్చిన ఏడు మామగారు అలవాటుగా అడిగారు: “దేనికేశావమ్మా?”

“చెప్పకూడదు మామయ్యా. రహస్యం!”

వంటింట్లో గరిటె తిప్పుతున్న పెద్దకోడలు గుమ్మం దాకా వచ్చింది. ఇక ఇల్లెగిరిపోతుందనుకుంది. మామగారు నవ్వేశారు. ఆ నవ్వు ఆమె కడుపులో నిప్పులా పడింది. తాను అదే మాట అని ఉంటే నవ్వేవారా? ఏమో. అని చూడలేదు.

తర్వాత కుళాయి సంగతి వచ్చింది. చిన్న టీచరు పక్కగదిలోని పై తరగతిలో ప్రతి శనివారం పిల్లల సభ పెట్టింది. రెండు జడల పిల్లను అధ్యక్షురాలిగా పిల్లలే ఎన్నుకున్నారు. బడి వెనక ఎండిపోయిన కుళాయి గురించి పిల్లలే మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. నీళ్ళొచ్చాయి! “మా చిన్నకోడలు నోరు తెరిస్తే ప్రభుత్వం కుళాయి తెరుస్తుంది,” అని అత్తగారు వీధంతా చెప్పుకుంది. ఇన్నేళ్ళ తన పాఠం ఒక్క చుక్కనైనా రాల్చిందా? పెద్ద టీచరు ఆ కుళాయి నీళ్ళు తాగడం మానేసింది.

ఈ సోమవారం పిల్లలు మళ్ళీ మున్సిపల్ ఆఫీసుకు వెళ్తున్నారు, బడి ముందు రోడ్డుకు స్పీడ్‌బ్రేకర్ అడగడానికి. వెంట ఏ టీచరు వెళ్ళాలో ఈరోజు ఓటు. “నన్నూ రాసుకోండి,” అంది పెద్ద టీచరు నిన్న స్టాఫ్‌రూములో నవ్వులాటకు అన్నట్టు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పిల్లలు తనను కోరుకోవాలి.

నోట్సు రాసుకోమని పిల్లలకు చెప్పి ఆమె వరండాలోకి వచ్చింది. పక్కగది కిటికీ వారగా నిలబడింది.

“అధ్యక్షా! పెద్ద టీచరొస్తే రోడ్డు మీద కూడా వరస తప్పనివ్వరధ్యక్షా!”

“చైర్మన్ గారి చేత కూడా నోట్సు రాయిస్తారధ్యక్షా!”

టంగ్. “సభలో ఎవరి గురించైనా పేరు చెప్పి మాట్లాడాలి,” అంది రెండు జడల పిల్ల. “పెద్ద టీచరు అనే పేరు గలవాళ్ళు ఎవరూ లేరు.”

“ఆవిడ పేరు... తెలీదధ్యక్షా.”

కిటికీ చువ్వ మీద ఆమె వేళ్ళు బిగిశాయి.

చీటీలు ఆ గ్లాసులోనే వేశారు. గదిలో ఉన్నవారందరికీ ఓటు, చిన్న టీచరుకు కూడా. విప్పిన ప్రతి చీటీలోనూ ఒకే పేరు, పెద్ద టీచరు తన నోట రానివ్వని పేరు. ఒక్క చీటీ దగ్గర మాత్రం రెండు జడల పిల్ల తడబడి, ఇంటిపేరుతో సహా కూడబలుక్కుని చదివింది. కిటికీ అవతల పెద్ద టీచరుకు తన పేరే పరాయిదానిలా వినబడింది.

మధ్యాహ్నం హెడ్‌మాస్టరు చిన్న టీచరును పిలిచి కాగితం చేతికిచ్చాడు. భర్త పనిచేసే ఊరికి ఎప్పుడో అడిగిన బదిలీ. సోమవారమే చేరాలి, సాయంత్రమే బస్సు.

గేటు దగ్గర ఇద్దరే నిలబడ్డారు.

“నిన్నే. ఆ ఒక్క ఓటూ నీదేనా?”

“చెప్పకూడదు అక్కయ్యా. రహస్యం.”

“జాలిపడ్డావన్నమాట.”

“జాలికి ఓటెయ్యకూడదని మీ పుస్తకంలోనే ఉందిగా!” చిన్నామె నవ్వబోయి ఆగింది. “మళ్ళీ ఓటు పెట్టుకోమని పిల్లలకు చెప్పాను. నా చోటు మీకిచ్చి వెళ్ళలేనక్కయ్యా, అది నాది కాదు. మీరే అడగండి.”

“పిల్లల్ని అడుక్కోనా?”

“అడగండి, అంతే. గ్లాసు బల్ల మీదే ఉంది. ఇంటికి పట్టుకెళ్ళండి, జత చెడగొట్టానని మీ కోపం.”

చిన్నామె ఎక్కిన రిక్షా మలుపు తిరిగింది. ఈ క్షణం కోసమే ఎదురుచూసినట్టున్న పెద్దామె మనసుకు అది చప్పగా తోచింది.

చివరి గంటకు ఆమె గ్లాసు కోసం పక్కగదికి వెళ్ళింది. సంచి తెరిచే పట్టుకుంది. పిల్లలు తలలు వాల్చి కూర్చున్నారు, కొందరి ముక్కులు ఎర్రగా ఉన్నాయి. తాను వెళ్ళిపోతే ఇందులో ఒక్క ముక్కయినా ఎర్రబడుతుందా అన్న కుళ్ళు ఆ వేళ కూడా ఆమెను కొరికింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. సొట్ట బొటనవేలికి తగిలింది. సంచిలో పడవలసిన గ్లాసు మళ్ళీ బల్ల మీదికి చేరింది. చెంచా అందుకుంది.

టంగ్.

తలలు లేచాయి.

“అధ్యక్షా,” అంది. గొంతు తనది కానట్టుంది. “సోమవారం మీతో రావాలని నాకుంది. నాకు ఓటెయ్యమని అడగడానికొచ్చాను. ఆవిడంత బాగా నాకు...”

రెండు జడల పిల్ల బెదురుతూనే లేచి నిలబడింది. “ఆవిడంటే ఎవరండీ? సభలో పేరు చెప్పాలి.”

ఆ పేరు గొంతులో ముల్లులా అడ్డం తిరిగింది. తన పేరు కంటే పలకడానికి అదే బాగుంటుందన్న సంగతి కూడా ఆమెకు మొదటినుంచీ తెలుసు. అందరికీ వినబడేలా, ఒక్క అక్షరమూ మింగకుండా, చివర ‘గారు’ చేర్చి మరీ పలికింది. బల్ల మీద సొట్టగ్లాసు ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.